ఖండాలు కదిలాయని ఎలా తెలిసింది?

(రాజమహేంద్రవరంలో విద్యార్థులు, పట్టణ ప్రజల ఎదుట ఒక భూగర్భశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో ఇంటర్, డిగ్రీ పిల్లలు కూర్చున్నారు కాబట్టి వాళ్ళతోనే మొదలుపెడతాను. ఖండాలు కదిలాయనడానికి రుజువు ఏమిటని పరీక్షలో అడిగితే ఏమి రాస్తారు? దక్షిణ అమెరికా తూర్పు తీరం, ఆఫ్రికా పడమటి తీరం ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. అంతే కదా? చాలామంది తల ఊపుతున్నారు. మార్కులు వస్తాయి, సందేహం లేదు. నేను అడిగేది వేరే. అది రుజువేనా? రెండు తీరాలు చూడటానికి ఒకేలా ఉన్నంత మాత్రాన, వేల కిలోమీటర్ల పొడవు, వంద కిలోమీటర్ల మందం ఉన్న రాతి పొరలు చోటు మారాయని నమ్మవచ్చా? నమ్మకూడదు. శాస్త్రవేత్తలూ నమ్మలేదు. యాభై ఏళ్ళ పాటు నమ్మలేదు. వాళ్ళది మొండితనం కాదు. చేతికి చాలినంత సాక్ష్యం అందలేదు.

ఆ తరువాత 1960లలో, ఐదారేళ్ళు తిరిగేసరికి, దాదాపు అందరూ ఒప్పుకున్నారు. ఒక శాస్త్రం మొత్తం ఇంత తక్కువ కాలంలో మనసు మార్చుకోవడం మామూలు విషయం కాదండీ. ఆ కొన్నేళ్ళలో ఏమి జరిగింది? ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది అదొక్కటే. ఒకరితో ఒకరికి సంబంధం లేని మనుషులు, వేరు వేరు పనుల కోసం, వేరు వేరు పరికరాలతో కొలతలు తీశారు. అన్ని కొలతలూ ఒకే అంకె దగ్గరికి చేరాయి. ఏడాదికి ఇన్ని సెంటీమీటర్లు అనే అంకె. పోలికలు ఎన్ని ఉన్నా వాదించవచ్చు. అంకెలు కలిసినప్పుడు వాదన ఆగుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మొదట పోలికల సంగతి చూద్దాం. 1912 జనవరిలో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ అనే ముప్పై ఒక్కేళ్ళ యువకుడు ఖండాలు కదిలాయని ఒక సభలో చెప్పాడు. ఆయన భూగర్భ శాస్త్రవేత్త కాదు, వాతావరణ శాస్త్రవేత్త. తీరాల పోలికతో ఆయన ఆగలేదు. చింపిన వార్తాపత్రిక ముక్కలను అంచులు చూసి పక్కపక్కన పెట్టామనుకోండి, తరువాత చేయవలసిన పని అక్షరాల వరుసలు ఇటు నుంచి అటు సరిగ్గా సాగుతున్నాయో లేదో చూడటం అన్నాడు. ఎంత మంచి పరీక్షో చూడండి. అంచులు కలవడం యాదృచ్ఛికం కావచ్చు. వరుసలన్నీ కలిస్తే మాత్రం అది ఒకే కాగితం.

ఈ పరీక్షకు అట్లాంటిక్ దాకా పోనవసరం లేదు. విశాఖపట్నం వెళ్ళినప్పుడు కైలాసగిరి మీద రాయి చూశారా? ఎర్రగా, గోధుమరంగుగా, చారలు చారలుగా ఉంటుంది. దాన్ని ఖోండలైట్ అంటాం. దాని పక్కనే తూర్పు కనుమల పొడవునా చార్నొకైట్ అనే ముదురు రాయి ఉంటుంది. ఇవి రెండూ భూమి లోతుల్లో విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో మారిన రాళ్ళు. ఆ మార్పు జరిగింది సుమారు 90 నుంచి 100 కోట్ల సంవత్సరాల క్రితం. ఇప్పుడు మనకూ అంటార్కిటికాకూ మధ్య ఉన్న సముద్రమంతా దాటి వెళితే ఎండర్బీ లాండ్ ప్రాంతం వస్తుంది. మంచు పైకి పొడుచుకు వచ్చిన కొండల్లో అదే తరహా రాళ్ళు, అదే వయసు. మన కనుమలు సముద్రపు ఒడ్డున ఆగిపోలేదు. అవి అవతల కొనసాగుతున్నాయి. సుమారు 13 కోట్ల సంవత్సరాల క్రితం ఈ రెండూ విడిపోయినప్పుడు అంచు వెంట నేల కుంగింది. కృష్ణా గోదావరి బేసిన్ అని, గ్యాసు, చమురు అని మీరు రోజూ పేపర్లో చదివేది ఆ కుంగిన చోటునే. మీ ఇళ్ళలో వెలిగే గ్యాసులో కొంత ఆ విడిపోవడం వల్ల దొరికినదే.

ఇక నేలబొగ్గు. ఇల్లెందు, కొత్తగూడెం, గోదావరిఖని వైపు నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, మంచిది. సింగరేణి బొగ్గు ఏ చెట్ల నుంచి వచ్చిందో తెలుసా? అందులో ముఖ్యమైనది గ్లాసోప్టెరిస్. నాలుక ఆకారంలో ఆకు, మధ్యలో ఒక ఈనె, దాని నుంచి వలలాగా అల్లుకున్న సన్నని ఈనెలు. బొగ్గు పొరల మధ్య ఉండే మెత్తటి రాతిని జాగ్రత్తగా చీలిస్తే ఆ ఆకు ముద్ర ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది. ఇదే ఆకు దక్షిణాఫ్రికాలో ఉంది, ఆస్ట్రేలియాలో ఉంది, దక్షిణ అమెరికాలో ఉంది. మరి అంటార్కిటికాలో?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. వెగెనర్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో మాట్లాడిన ఆ 1912 జనవరిలోనే కెప్టెన్ స్కాట్ బృందం దక్షిణ ధ్రువం చేరింది. అమండ్‌సెన్ తమకంటే ముందే వచ్చి వెళ్ళాడని అక్కడికి చేరాక తెలిసింది. తిరుగు ప్రయాణంలో తిండి తగ్గిపోతోంది, చలికి ఒళ్ళు తట్టుకోవడం లేదు, బండిని మనుషులే లాగాలి. అటువంటి స్థితిలో ఫిబ్రవరిలో బియర్డ్‌మోర్ హిమానీనదం దగ్గర ఆగి రాళ్ళు ఏరారు. సుమారు 16 కిలోల రాళ్ళు. చివరిదాకా వాటిని పారేయలేదు. నవంబరులో వెతుకుతూ వెళ్ళినవాళ్ళకు డేరాలో ముగ్గురి మృతదేహాలు, వాటితో పాటు ఈ రాళ్ళు దొరికాయి. వాటిలో గ్లాసోప్టెరిస్ ఉంది. మన సింగరేణి ఆకు, దక్షిణ ధ్రువానికి కొన్ని వందల కిలోమీటర్ల దూరంలో. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ ఆ మనుషుల ముందు తల వంచాలనిపిస్తుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గర ఇరాయి అనే చోట సున్నపురాయి పరుపు మీద ఒకే దిక్కుగా సాగిన గీతలు ఉంటాయి. దాని పైన అన్ని పరిమాణాల గుండ్రాళ్ళూ బంకమట్టీ కలగలిసిన పొర ఉంటుంది. నీరు రాళ్ళను పరిమాణం బట్టి వేరు చేస్తుంది. మంచు అలా చేయదు, అన్నిటినీ కలిపి ఈడ్చుకుపోతుంది. ఆ గీతలు గీసింది మంచే. సుమారు 30 కోట్ల సంవత్సరాల నాటి హిమానీనదం. మే నెలలో చంద్రపూర్ ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. అక్కడ మంచు పలక! ఇలాంటి ఆనవాళ్ళే ఆ కాలానివే ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నాయి. అదే కాలంలో యూరప్, ఉత్తర అమెరికాల్లో వేడి చిత్తడి అడవులు పెరుగుతున్నాయి. భూమి అంతా చల్లబడిందనుకుంటే ఈ లెక్క కుదరదు.

మరి ఇంత ఉన్నా ఎందుకు నమ్మలేదు? వాళ్ళ వైపు నుంచి ఆలోచించండి. ఆకులు, జంతువులు రెండు ఖండాల్లోనూ ఉంటే మధ్యలో ఒకప్పుడు భూమి వంతెనలు ఉండేవి, తరువాత మునిగిపోయాయి అనవచ్చు. చాలామంది అలాగే అన్నారు. అంతకంటే బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. వీటిని కదిలించిన బలం ఏది? వెగెనర్ చూపించిన బలాలు చాలా చిన్నవని హెరాల్డ్ జెఫ్రీస్ అనే బ్రిటిష్ భూభౌతిక శాస్త్రవేత్త లెక్కగట్టి చెప్పాడు. జెఫ్రీస్ ఆ లెక్కలో తప్పు లేదు. పైగా వెగెనర్ ఇచ్చిన వేగం చూడండి. గ్రీన్‌లాండ్ ఏడాదికి పదుల మీటర్లు జరుగుతోందన్నాడు. ఆ రోజుల్లో రేఖాంశం కొలిచే పద్ధతుల్లోని లోపం వల్ల వచ్చిన అంకె అది. అసలు కదలిక అందులో వెయ్యో వంతు. అంటే ఆయన చేతిలో పోలికలు బోలెడు ఉన్నాయి, అంకె మాత్రం సరైనది లేదు. 1930 నవంబరులో గ్రీన్‌లాండ్ మంచులోనే ఆయన చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు యాభై ఏళ్ళు. తన మాట నిలబడుతుందని తెలియకుండానే వెళ్ళిపోయాడు.

సముద్రం అడుగున

ఇంతవరకు చెప్పినదంతా నేల మీది సాక్ష్యం. భూమి ఉపరితలంలో నేల మూడో వంతు కూడా లేదు. మిగిలినదంతా నీటి కింద ఉంది, దాన్ని ఎవరూ చూడలేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఓడల అడుగు నుంచి ధ్వనిని పంపి, ప్రతిధ్వని వచ్చే సమయాన్ని బట్టి లోతు కొలిచే పరికరాలు బాగా మెరుగుపడ్డాయి. సముద్రపు నీటిలో ధ్వని సెకనుకు సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు పోతుంది. ప్రతిధ్వని ఆరు సెకన్లకు వచ్చిందంటే లోతు నాలుగున్నర కిలోమీటర్లు. ఓడ పోతున్నంత దారీ ఇలా కొలుస్తూ పోతే, ఆ గీత వెంట సముద్రపు అడుగు ఆకారం కాగితం మీదికి వస్తుంది.

1950ల మొదట్లో న్యూయార్క్ దగ్గరి లామాంట్ పరిశోధనాలయంలో మేరీ థార్ప్ అనే ఆమె ఈ కాగితాల పని చూసేది. భూగర్భ శాస్త్రం, గణితం రెండూ చదివింది. పరిశోధక ఓడలు ఎక్కడానికి మాత్రం అనుమతి లేదు, అప్పట్లో ఆడవాళ్ళను ఎక్కనిచ్చేవారు కాదు. అందుకని బ్రూస్ హీజెన్ ఓడ మీద కొలతలు తెచ్చేవాడు, ఆమె గదిలో కూర్చుని గీసేది. ఉత్తర అట్లాంటిక్‌ను అడ్డంగా దాటిన ఆరు ఓడ దారుల కొలతలను ఆమె ఒకదాని కింద ఒకటి పేర్చింది. సముద్రం మధ్యలో ఒక పర్వతశ్రేణి ఉందని అప్పటికే తెలుసు. ఆమె కళ్ళకు వేరే సంగతి కనిపించింది. ఆ పర్వతాల నడినెత్తిన, అన్ని గీతల్లోనూ, ఒక లోతైన పల్లం. శిఖరాలు ఒక గీతకూ ఇంకో గీతకూ కలవడం లేదు, పల్లం మాత్రం కలుస్తోంది.

పర్వతం నెత్తిన లోయ ఉండటమంటే ఏమిటి అర్థం? అక్కడ నేల రెండు వైపులకూ విడిపోతోందని. హీజెన్‌కు ఆ మాట వెంటనే అర్థమైంది, అందుకే కొట్టిపారేశాడు. ఆడవాళ్ళ కబుర్లు అన్నాడు. ఖండచలనం అన్నవాడిని అమెరికాలో ఎవరూ లెక్కచేయని రోజులు అవి. ఆమె వాదించలేదు. మానలేదు కూడా, గీస్తూనే ఉంది.

పక్క బల్ల దగ్గర హోవర్డ్ ఫోస్టర్ అనే చిత్రకారుడు ఇంకో పని చేస్తున్నాడు. సముద్రం అడుగున వేసిన టెలిఫోన్ తీగలు ఎక్కడ తెగే ప్రమాదం ఉందో తెలుసుకోవడానికి భూకంపాలు వచ్చిన చోట్లను చుక్కలుగా పటం మీద పెడుతున్నాడు. ఎవరి పని వారిది. రెండు పటాలూ ఒకే కొలమానంలో ఉన్నాయి కాబట్టి ఒకదాని మీద ఇంకోటి పెట్టి, కింద దీపం వెలిగించి చూశారు. నడిసముద్రపు చుక్కలన్నీ వరసగా వెళ్ళి ఆమె గీసిన లోయలో పడ్డాయి. టెలిఫోన్ తీగల కోసం పెట్టిన చుక్కలు, వాటికీ లోయకూ ఏ సంబంధమూ లేదు. ఆ తరువాత లోతులు కొలవని చోట్ల కూడా భూకంపాల చుక్కలను పట్టుకుని లోయ ఎక్కడ ఉంటుందో చెప్పగలిగారు. ఆ పర్వతశ్రేణి ప్రపంచ సముద్రాలన్నిటిలో అరవై వేల కిలోమీటర్లకు పైగా సాగుతోందని తేలింది. మొదటినుంచీ చెబుతున్నాను, వేరే పని కోసం తీసిన కొలత అని. మొదటి ఉదాహరణ ఇది.

దీన్ని చూసి హ్యారీ హెస్ అనే అమెరికా భూగర్భ శాస్త్రవేత్త 1962లో ఒక ఊహ ప్రచురించాడు. నడిసముద్రపు పర్వతాల దగ్గర లోపలి నుంచి శిలాద్రవం పైకి వచ్చి కొత్త నేల పుడుతుంది, రెండు వైపులకూ జరుగుతుంది, చివరకు సముద్రపు అడుగున ఉండే లోతైన అగాధాల దగ్గర మళ్ళీ భూమి లోపలికి పోతుంది. ఖండాలు రాతిని చీల్చుకుంటూ పోనక్కర లేదు, కింద ఉన్న దానితో పాటు అవీ జరుగుతాయి. జెఫ్రీస్ అభ్యంతరానికి ఇది సమాధానం. అయినా ఇది ఊహే. ఆ మాట హెస్ స్వయంగా అన్నాడు. దీన్ని పరీక్షించడం ఎలా?

రాయి దాచుకున్న దిక్కు

ఇదిగో, ఈ రాయి చూడండి. వెనక వాళ్ళకు కూడా పంపుతాను, చేతులు మార్చుకుంటూ చూడండి. గౌరీపట్నం క్వారీ రాయి. మన రోడ్లకు వేసే కంకరలో ఎక్కువ భాగం ఇదే. ఇటు కాతేరు దగ్గరా ఉంది. నల్లగా, బరువుగా, నున్నటి రేణువుతో ఉంది కదా? బసాల్టు. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం పడమటి కనుమల వైపు పొంగిన దక్కను లావా ఇంత దూరం వచ్చింది. మహాబలేశ్వర్ కొండల్లోని లావాతో దీని రసాయన కూర్పు సరిపోతుంది.

ఇందులో మాగ్నెటైట్ అనే ఖనిజపు చిన్న రేణువులు ఉంటాయి. లావా చల్లబడుతూ 580 డిగ్రీల కిందికి వచ్చినప్పుడు ఆ రేణువులు అప్పటి భూ అయస్కాంత క్షేత్రం దిక్కును పట్టుకుని అలాగే ఉండిపోతాయి. ఉత్తరం ఎటో మాత్రమే కాదు, అయస్కాంతం ఎంత వంగి ఉందో కూడా. దారంతో మధ్యలో కట్టి వేలాడదీసిన అయస్కాంతపు సూది భూమధ్యరేఖ దగ్గర అడ్డంగా ఉంటుంది. ఉత్తర ధ్రువం వైపు పోతున్న కొద్దీ ముక్కు కిందికి వాలుతుంది. దక్షిణ గోళంలో ముక్కు పైకి లేస్తుంది. కాబట్టి రాయిలో వంపు కొలిస్తే అది గడ్డకట్టిన అక్షాంశం తెలుస్తుంది. ఎంత సూటి పద్ధతో చూడండి!

ఇంగ్లండ్‌లో పాట్రిక్ బ్లాకెట్ అనే భౌతిక శాస్త్రవేత్త ఉండేవాడు, 1948లో నోబెల్ అందుకున్నాడు. తిరిగే ప్రతి పెద్ద వస్తువూ తిరగడం వల్లనే అయస్కాంతం అవుతుందేమో అని ఆయనకు ఒక ఆలోచన. దాన్ని పరీక్షించడానికి బంగారపు స్థూపం ఒకటి తెప్పించి, అతి చిన్న అయస్కాంత బలాన్ని కూడా పట్టగల పరికరం తయారుచేశాడు. ఆలోచన నిలవలేదు, 1952లో ఆ మాట స్వయంగా ప్రకటించాడు. చేతిలో మాత్రం అద్భుతమైన పరికరం మిగిలింది. దాన్ని రాళ్ళ వైపు తిప్పాడు. ఆయన బృందంలోని క్లెగ్, డాయిష్ మన దక్కను బసాల్టులను కొలిచి 1956లో ఫలితం ప్రకటించారు. వంపు సుమారు 48 డిగ్రీలు. అంటే దాదాపు 30 డిగ్రీల దక్షిణ అక్షాంశం. ఇప్పుడు ఆ రాళ్ళు ఎక్కడున్నాయి? 17, 20 డిగ్రీల ఉత్తరాన. మధ్యలో సుమారు 50 డిగ్రీల తేడా. ఒక డిగ్రీ అంటే 111 కిలోమీటర్లు. గుణించండి, 5,500 కిలోమీటర్లు. 6.6 కోట్ల సంవత్సరాలతో భాగించండి. ఏడాదికి సగటున 8 సెంటీమీటర్లు. ఇది మన అంకె. మీ చేతుల్లో తిరుగుతున్న ఆ రాయి దక్షిణ గోళంలో గడ్డకట్టింది.

ఇంకా ఉంది. భూమి అయస్కాంత క్షేత్రం అప్పుడప్పుడు తలకిందులు అవుతుంది, ఉత్తరం దక్షిణమవుతుంది. గౌరీపట్నంలో కింది లావా పొర తలకిందులుగా ఉన్న క్షేత్రాన్ని చూపిస్తుంది. పై పొర ఇప్పటిలాంటి క్షేత్రాన్ని చూపిస్తుంది. రెండింటి మధ్యలో సముద్రపు గవ్వలు ఉన్న సున్నపు పొర ఉంది. ఊరి పక్క క్వారీలో భూ అయస్కాంతం తిరగబడిన సంగతి రాసిపెట్టి ఉంది, మనం దాన్ని కంకర కొట్టి రోడ్డు వేసుకుంటున్నాం. రోడ్డు కావాలి, కాదనను. ఒక్క గోడనైనా పిల్లలు చూడటానికి మిగల్చాలని గట్టిగా కోరుతున్నాను.

అమెరికాలో కాక్స్, డోల్, డాల్‌రింపుల్, ఆస్ట్రేలియాలో ఇంకొందరు, నేల మీది లావాలను పొటాషియం ఆర్గాన్ పద్ధతితో వయసు కట్టి, క్షేత్రం ఎప్పుడెప్పుడు తిరగబడిందో ఒక పట్టిక చేశారు. చివరిసారి సుమారు 7,80,000 సంవత్సరాల క్రితం. వీళ్ళకు సముద్రంతో పని లేదు. సరిగ్గా అదే సమయంలో 1962లో డ్రమండ్ మాథ్యూస్ ఒక బ్రిటిష్ నౌక మీద అరేబియా సముద్రం వైపున్న కార్ల్స్‌బర్గ్ శ్రేణి మీదుగా అయస్కాంత కొలతలు తీశాడు. అవును, మన హిందూ మహాసముద్రంలోనే. ఆ కొలతలను ఫ్రెడ్ వైన్ అనే పరిశోధక విద్యార్థి చేతిలో పెట్టాడు. 1963లో ఇద్దరూ కలిసి ఒక మాట చెప్పారు. హెస్ చెప్పినట్టు కొత్త నేల మధ్యలో పుట్టి రెండు పక్కలకూ జరుగుతుంటే, క్షేత్రం తిరగబడినప్పుడల్లా అక్కడ చల్లబడే బసాల్టు ఆ దిక్కును పట్టుకోవాలి. అంటే శ్రేణికి అటూ ఇటూ సమానంగా చారలు ఉండాలి. కెనడాలో లారెన్స్ మోర్లీ ఇదే ఆలోచన అంతకు కొంచెం ముందే రాసి పంపితే రెండు పత్రికలు తిప్పి పంపాయి. విందుల్లో మాట్లాడుకోవడానికి బాగుంటుందని ఒక సమీక్షకుడు రాశాడు.

తరువాత ఎల్టానిన్ అనే ఓడ దక్షిణ పసిఫిక్‌లో శ్రేణిని అడ్డంగా దాటింది. 1966 మొదట్లో ఆ ఓడ పందొమ్మిదో యాత్ర కొలతలను వాల్టర్ పిట్‌మన్ గీసి చూశాడు. వందల కిలోమీటర్ల పొడవున, శ్రేణికి ఈ పక్క ఉన్న ప్రతి ఎత్తుకూ పల్లానికీ ఆ పక్క అంతే దూరంలో జత ఉంది. కాగితాన్ని నడిమికి మడిచి వెలుతురుకు పట్టుకుంటే ఒకదాని మీద ఒకటి పడేంత జత. అంతేనా? ఆ చారల వెడల్పులు నేల మీది లావాలతో చేసిన పట్టికలోని కాలాల నిష్పత్తిలోనే ఉన్నాయి. వెడల్పును కాలంతో భాగిస్తే వేగం. అక్కడ ఒక్కో పక్కకు ఏడాదికి నాలుగున్నర సెంటీమీటర్లు. ఆ ఏడాదిలోనే అప్పటిదాకా వ్యతిరేకించిన చాలామంది మాట మార్చారు.

ఇక్కడ ఒక పిల్లవాడు లేచి, సార్, చారలకు వేరే కారణం ఉండవచ్చు కదా అంటే? అడగాలి. అందుకే ఇంకో రకం సాక్ష్యం కావాలి. నడిసముద్రపు శ్రేణి అక్కడక్కడ ముక్కలై పక్కకు జరిగినట్టు ఉంటుంది. చూస్తే ఏమనిపిస్తుంది? ఒకప్పుడు ఒకే గీత, తరువాత పగులు వెంట జరిగి విడిపోయింది అనిపిస్తుంది. 1965లో టూజో విల్సన్ కాదన్నాడు. శ్రేణి నుంచి నేల రెండు పక్కలకూ పుడుతూ పోతుంటే, ఆ పగులు వెంట కదలిక మనం అనుకునే దానికి సరిగ్గా వ్యతిరేక దిక్కులో ఉండాలి, భూకంపాలు కూడా రెండు ముక్కల మధ్య మాత్రమే రావాలి అన్నాడు. ఇది చాలా ధైర్యమైన మాట. రెండే అవకాశాలు, ఏదో ఒకటి తప్పు. అప్పటికి అణు పరీక్షలను పసిగట్టడం కోసం అమెరికా ప్రపంచమంతా భూకంప కేంద్రాలు పెట్టింది. మన దేశంలో కొడైకెనాల్, పుణె, షిల్లాంగ్, ఢిల్లీల్లో కూడా ఉన్నాయి. ఆ రికార్డులు తీసి లిన్ సైక్స్ చూశాడు. పరిశీలించిన ప్రతి పగులులోనూ విల్సన్ చెప్పిన దిక్కే. బాంబుల కోసం పెట్టిన యంత్రాలు ఖండాల సంగతి తేల్చాయి.

మరి పుట్టిన నేల ఎక్కడికి పోతోంది? ఈ రికార్డులే ఆ దారి కూడా చూపించాయి. జపాన్‌లో కియో వదాతి చాలా ముందే గమనించాడు, అగాధాల దగ్గర భూకంపాలు ఖండం వైపు పోతున్న కొద్దీ లోతవుతాయి. సుమారు 700 కిలోమీటర్ల లోతు దాకా, ఒక వాలు పలక వెంట. టోంగా దీవుల దగ్గర ఆ వాలు వెంట వచ్చిన తరంగాలు మిగతా వాటికంటే బలంగా వచ్చాయి. అంటే చల్లటి గట్టి రాతి పలక లోపలికి దిగుతోంది. మన పక్కన సుమత్రా, అండమాన్ వెంట భారత ఫలకం, అంటే మన దేశాన్ని మోస్తున్న పెద్ద రాతి పలక, అలాగే దిగుతోంది. 2004 డిసెంబరు 26న ఆ అంచు సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున ఒక్కసారిగా జారింది. మన తీరం దాకా వచ్చిన ఆ అల గురించి ఈ సభలో నేను కొత్తగా చెప్పవలసింది లేదు.

ఇప్పుడు మళ్ళీ అంకె దగ్గరికి రండి. 1968 చివర గ్లోమార్ చాలెంజర్ అనే ఓడ దక్షిణ అట్లాంటిక్‌లో వరసగా రంధ్రాలు వేసింది. బసాల్టు మీద ఆనుకుని ఉన్న మొదటి బురద పొరను పైకి తీసి, అందులోని సూక్ష్మజీవుల గుల్లలను బట్టి వయసు చెప్పారు. అయస్కాంతం ఊసే లేదు. శ్రేణి నుంచి దూరం పెరిగిన కొద్దీ వయసు పెరిగింది, దాదాపు సరళరేఖలో. ఒక్కో పక్కకు ఏడాదికి రెండు సెంటీమీటర్లు. చారలు అక్కడ చెప్పింది కూడా అదే. సముద్రం అడుగున ఎక్కడ తవ్వినా 20 కోట్ల సంవత్సరాల కంటే మరీ పాతదేమీ దొరకలేదు. నేల మీద మాత్రం మనకు మూడు వందల కోట్ల సంవత్సరాల రాళ్ళు ఉన్నాయి. సముద్రం పాతది, దాని అడుగు కొత్తది.

చివరిది, కళ్ళెదుట కొలిచినది. 1980లలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒకటి, స్వీడన్‌లో ఒకటి రేడియో టెలిస్కోపులు పెట్టి, కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉండే క్వాసార్లు అనే ఖగోళ వస్తువుల సంకేతాలు రెండు చోట్లకూ చేరే సమయంలోని తేడాను పట్టుకుని దూరం కొలిచారు. ఏడాదికి సుమారు 1.7 సెంటీమీటర్లు పెరుగుతోంది. లక్షల ఏళ్ళ చారల సగటు చెప్పిన వేగం కూడా ఆ దగ్గరే. హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఆవరణలో ఒక జీపీఎస్ కేంద్రం ఉంది. అది ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది. బెంగళూరులోనిది కూడా దాదాపు అంతే, అదే దిక్కుకు. రెండు నగరాల మధ్య దూరం మాత్రం మారడం లేదనే చెప్పాలి. ఫలకం అంటే ఇదే. మధ్యలో నలగదు, మొత్తంగా జరుగుతుంది, నలుగుడంతా అంచుల్లో.

ఆ అంచు ఏది? హిమాలయం. పూజలో పెట్టుకునే సాలగ్రామం నేపాల్‌లోని కాలీ గండకీ నుంచి వస్తుంది. దాన్ని పగలగొట్టమని నేను అనను. చక్రం కనిపించే సాలగ్రామాన్ని ఒకసారి భక్తితోనే దగ్గరగా చూడండి. అది అమ్మోనైట్ అనే సముద్రజీవి శిలాజం. భారత ఫలకానికీ ఆసియాకూ మధ్య ఉన్న టెథిస్ సముద్రపు అడుగు, ఇప్పుడు కొండ మీద ఉంది. ఎవరెస్ట్ శిఖరం కూడా సముద్రపు సున్నపురాయే.

జీపీఎస్ లెక్క ప్రకారం హిమాలయం ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్ల ఒత్తిడిని తనలో దాచుకుంటోంది. 2015 ఏప్రిల్‌లో నేపాల్ భూకంపం వచ్చిన కొన్ని సెకన్లలో ఖాట్మండు ఒకటిన్నర మీటరుకు పైగా దక్షిణానికి జరిగింది. దానికి పడమట, పశ్చిమ నేపాల్ ప్రాంతంలో 1505 తరువాత అంత పెద్ద భూకంపం రాలేదు. ఐదు వందల ఏళ్ళు, ఏడాదికి రెండు సెంటీమీటర్లు. పది మీటర్లు. కొంత నెమ్మదిగా విడుదలై ఉండవచ్చు, అంతా ఒకేసారి రాకపోవచ్చు. ఏ రోజు వస్తుందో ఈ సిద్ధాంతం చెప్పలేదు, చెప్పగలనన్నవారిని నమ్మకండి. ఎక్కడ, ఎంత అన్నది చెబుతుంది. ఆ కొండల్లో బడి కట్టేవాళ్ళూ ఆసుపత్రి కట్టేవాళ్ళూ ఈ గుణకారం ముందు చేసి తీరాలి. మన పిల్లలు కూడా అక్కడ చదువుతున్నారు, సైన్యంలో ఉన్నారు, యాత్రలకు వెళుతున్నారు.

రాయి వెనక వరుస దాకా వెళ్ళిందా? వెళ్ళింది. ఇప్పుడు ప్రశ్నలు అడగండి, ముందు ఆ చివర ఉన్న అమ్మాయి చేయి ఎత్తింది.